కాకిపాదం కుట్టు

ఆ కుట్టుపనివాళ్ళ సంఘంలో నలభై ఒక్కమంది సభ్యులు. అందరికీ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఉండే ఉంటాయి గానీ, అవి హాజరు పట్టీ దాటి బయటికొచ్చిన పాపాన పోలేదు. ఎవరు ఏ పని చేస్తే అదే వాళ్ళ పేరు. గుడ్డ కత్తిరించే ఆయన మాస్టారు. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద కూర్చునే పెద్దావిడ ఓవర్‌లాక్ పిన్ని. గుండీలూ కాజాలూ కుట్టే ఆవిడ కాజాలక్క. కాలర్లు కుట్టే ఆయనకి మాత్రం ఈ మర్యాద దక్కలేదు. ఏదడిగినా "చూద్దాం" అంటాడు కాబట్టి ఆయన పేరు చూద్దాం. మాటలు కోటలు దాటి, కాళ్ళు గడప దాటని రకం.

పదకొండేళ్ళ కిందట, భర్త పోయిన మూడో నెలలో కాజాలక్క ఆ హాలు మెట్లెక్కింది. అప్పటికి ఆవిడకొచ్చిన కుట్టుపని చిరిగిన దిండుగలీబు సరిచేయడం వరకే. కుదరదమ్మా అని చెప్పి పంపేద్దామని అందరూ అనుకుంటుంటే, మాస్టారు చెవి మీది సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టి, ఒక కోటు, నాలుగు గుండీలు ఆవిడ ముందు పెట్టాడు.

"ఏ రెండు గుండీలూ ఒకటి కావమ్మా. చేత్తో పట్టుకుని చూడు. ఒకదాని కన్నాలు ఇరుకు, ఇంకోదాని అంచు పదును. మనుషుల్లాగే. ముందు పరిచయం చేసుకో, తర్వాత కుట్టు" అన్నాడు.

ఇంకోటి కూడా నేర్పాడు. చేతిలోకి గుండీ రాగానే దారం ఎక్కించెయ్యాలి. దారం లేని గుండీ ఏ మిషన్ కిందికి దొర్లుతుందో ఎవరికీ తెలీదు. అందుకని ముందు గుండీకే కుట్టు వేసి, వెనక ముడి బిగించి, ఆ తర్వాతే బట్టకి పట్టించాలి. ఆ కుట్టు కూడా అందరూ వేసే అడ్డం నిలువు కుట్టు కాదు. నాలుగు కన్నాల్లో ఒకదాని నుంచి మిగతా మూడింటికీ దారం వెళ్తుంది. చూడ్డానికి బురదలో కాకి అడుగేసినట్టు ఉంటుంది. కాకిపాదం అనేవాడు. తొందరగా తెమిలే పని కాదని మిగతావాళ్ళు నవ్వి వదిలేశారు. ఒక్క కాజాలక్కే నేర్చుకుంది. ఆవిడ కుట్టిన గుండీ కోటు చిరిగినా ఊడదని హాల్లో సామెత పుట్టింది. దారం ఎక్కించిన సూది ఎప్పుడూ ఆవిడ భుజం దగ్గర గుచ్చి ఉండేది. నిద్రలో తప్ప ఆ చేతులు ఖాళీగా ఉన్నది ఎవరూ చూడలేదు.

మాస్టారి మతం వేరు. కాజాలక్కా, చూద్దాం, ఓవర్‌లాక్ పిన్ని, ఇంకా హాల్లో ముప్పావు వంతుమంది ఒక మతం. మాస్టారితో కలిపి తొమ్మిదిమంది ఇంకో మతం. ఇన్నేళ్ళలో ఈ లెక్క ఎవరూ వేయలేదు. వేయాల్సిన అవసరం రాలేదు. పాత ప్రెసిడెంటుకి చూపు మందగించి కుర్చీ దిగిపోయేసరికి వచ్చింది.

పోటీకి ఇద్దరే నిలబడ్డారు, మాస్టారూ, చూద్దాం. చూద్దాం దాపరికం లేకుండానే చెప్పాడు, తను గెలిస్తే గుడ్డ ఎక్కడో పెద్ద కంపెనీలో మిషన్ మీద కత్తిరించి కట్టలు కట్టి వస్తుందని, హాలు మధ్యలో అంత చోటు తినే కటింగ్ బల్ల ఇక దండగ అని. బల్ల పోతే మాస్టారు పోయినట్టే. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఆ బల్ల ముందు నిలబడి నిలబడి ఆయన పాదాల కింద గచ్చు రెండు చోట్ల నున్నగా అరిగిపోయింది. పిల్లలకి బళ్ళో సీట్లు ఇప్పించిందీ, జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి తోడొచ్చిందీ ఆయనే. ఎవరు చూసినా మాస్టారే గెలుస్తాడనేవారు.

మొదటి వారం అలాగే అన్నారు. రెండో వారం నుంచి చాప కింద నీరులా ఇంకో మాట పాకింది. కాజాలక్క దగ్గరికి అది భోజనాల వేళ, ఓవర్‌లాక్ పిన్ని నోటమ్మట వచ్చింది.

"మాస్టారు మంచోడే. కాదని ఎవరన్నారు? కానీ..." అంది పిన్ని, గిన్నె మూత పెడుతూ.

మనుషులు మాట్లాడుకునేటప్పుడు "కానీ"కి ముందు చెప్పేదంతా మొహమాటం. అసలు సరుకు తర్వాత వస్తుంది.

"మనం ముప్ఫై రెండుమంది ఉండి, తొమ్మిదిమంది ఉన్నవాళ్ళకి కుర్చీ అప్పజెప్తే రేపు మనవాళ్ళకి మొహం ఎలా చూపిస్తామే?"

"గుడ్డ కత్తిరించడానికి మతం ఏం చేస్తుంది పిన్నీ?"

"కత్తిరించడానికి కాదే పిచ్చిమొహమా. కుర్చీలో కూర్చోడానికి."

"ఇన్నాళ్ళూ ఆయన కత్తిరించింది మనం కుట్టుకుని బతకలేదూ?"

"బతికాం. బల్ల దగ్గర ఎవరుంటే నాకేం? కుర్చీ వేరు" అని పిన్ని చేతులు కడుక్కోడానికి లేచిపోయింది. ఆవిడ దుర్మార్గురాలేమీ కాదు. మోకాళ్ళ నొప్పులకి మాస్టారు తెచ్చిచ్చిన తైలమే రోజూ రాసుకునేది. ఆ రోజూ రాసుకునే వచ్చింది.

కాజాలక్క ఆ మాటని చెవిలో జోరీగని తోలినట్టు తోలేసింది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ప్రార్థన మందిరం పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

ఇల్లంటే రెండు గదులు. లోపలి గదిలో కిటికీ పక్క మంచం మీద కాజాలక్క తల్లి. రెండేళ్ళుగా లేవలేదు. మనిషి ఎంత తగ్గిపోయిందంటే పాత బట్టలన్నీ ఒంటి మీద వేలాడుతుండేవి. ఆ సంగతి ఎవరో చెబితే విని మాస్టారు ఒక ఆదివారం వచ్చి, అన్నీ పట్టుకెళ్ళి, పక్క కుట్లు విప్పి ఒళ్ళు తగ్గించి, పడుకున్నప్పుడు వీపుకి గుచ్చుకోకుండా ముడులన్నీ పైవైపుకి తిప్పి తెచ్చిచ్చాడు. అప్పట్నుంచీ ముసలావిడ రోజూ అడిగేది, "మీ మాస్టారు బాగున్నాడా?" అని.

పెద్దాయన ఎన్నికల ఊసే ఎత్తలేదు. మంచినీళ్ళు తాగాడు. తల్లి ఆరోగ్యం అడిగాడు. మందులు అడిగాడు. లోపలి గదివైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఎవరికైనా ఒకరోజు తప్పదమ్మా. నీకు అన్నదమ్ములు లేరు. ఆయనా లేడు. ఆ రోజు నలుగురు కావాలి కదా. ఆ నలుగురూ మనవాళ్ళే అవ్వాలి. వేరేవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా ఆ పనికి రారు, రానివ్వరు."

కాజాలక్క తల ఊపింది. పెద్దాయన లేచి, చెప్పులు వేసుకుంటూ, అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగాడు.

"మీ సంఘం ఎన్నికలు ఆదివారమేనా?"

ఆయన బెదిరించాడా అంటే లేదు. మాట కూడా అబద్ధం కాదు. అదే వచ్చిన చిక్కు. ఆయన వెళ్ళాక కాజాలక్క తల్లి దుప్పటి సర్దింది. ఆ పల్చటి ఒంటిని చూస్తుంటే పెద్దాయన మాటే మెదిలింది. ఆ రోజు ఎవరూ రాకపోతే? తలుపు తీసిపెట్టుకుని తను ఒక్కతే శవం దగ్గర కూర్చోవాల్సి వస్తే? భర్త పోయినప్పుడు మధ్యాహ్నం దాకా నాలుగో మనిషి దొరకలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడకి ఇంకా గుర్తుంది.

"ఓటు మాస్టారికేగా?" అంది తల్లి, కళ్ళు మూసుకునే.

"ఇంకెవరికమ్మా?" అంది కాజాలక్క.

సంఘం పెట్టిన కొత్తలో సగంమందికి చదువు రాదు. అందుకని అప్పటి పెద్దలు ఓట్లకి కాగితాలు కాకుండా గుండీలు పెట్టారు. ఆ పద్ధతే ఇంకా నడుస్తోంది. మనిషికి రెండు గుండీలిస్తారు. ఈసారి నీలం గుండీ మాస్టారిది, ఇటుకరంగుది చూద్దాంది. కొత్త బట్టలు వేసి చూసుకునే ట్రయల్ గదిలో, తెర వెనక, రెండు రేకు డబ్బాలుంటాయి. మనకి కావలసిన గుండీ ఎడమ డబ్బాలో వెయ్యాలి, అక్కర్లేనిది కుడి డబ్బాలో. ఎడమ డబ్బానే లెక్కపెడతారు. లెక్క కూడా పోటీ పడ్డవాళ్ళిద్దరే, అందరి ముందూ ఎదురెదురుగా కూర్చుని చేస్తారు. అయితే ఒకరి గుండీలు ఇంకొకరు ఏరి లెక్కపెట్టాలి. తనవి తను లెక్కపెట్టుకుంటే నాలుగు ఎక్కువొస్తాయని పాతకాలపు వాళ్ళ జాగ్రత్త.

ఆదివారం ఉదయం కాజాలక్క వరసలో పదహారో మనిషి. కుడిచేతిలో ఇటుకరంగు గుండీ, ఎడమ గుప్పిట్లో నీలం గుండీ. తన ముందు ఓవర్‌లాక్ పిన్ని. మాస్టారు తన బల్ల దగ్గర నిలబడి, ఎవరివైపూ చూడకూడదని కాబోలు, కత్తెరకి నూనె రాసుకుంటున్నాడు. చూద్దాం గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకల్లా నవ్వుతూ దణ్ణాలు పెడుతున్నాడు.

మాస్టారికే వేద్దామనుకునే వచ్చింది ఆవిడ. నడిచొస్తున్నంతసేపూ అదే అనుకుంది. వరసలో నిలబడ్డాక, కటింగ్ బల్ల ఒకసారి కనబడింది, కిటికీ పక్క మంచం ఒకసారి కనబడింది. బల్ల, మంచం, బల్ల, మంచం. వరస మెల్లగా కదులుతోంది. తన చేతులు ఏం చేస్తున్నాయో ఆవిడకి పట్టలేదు. పిన్ని బయటికొచ్చి, "వెళ్ళవే" అని భుజం తట్టింది.

ట్రయల్ గదిలో గుడ్డి దీపం, నిలువుటద్దం. అద్దంలో తనని తను చూడాల్సొస్తుందని అటు వీపు పెట్టి నిలబడింది. అందరూ మాస్టారికే వేస్తారు, నా ఒక్కదానిదీ పోతే ఏమవుతుంది అనుకుంది. ఆయన ఎలాగూ గెలుస్తాడు, నేను మనవాళ్ళ దగ్గర మాట దక్కించుకుంటాను అనుకుంది. మనిషి తప్పు చేసేటప్పుడు మనసుకి ఎక్కడలేని తెలివితేటలొస్తాయి. కుడిచేతిలోది ఎడమ డబ్బాలో పడింది. ఎడమచేతిలోది కుడి డబ్బాలో పడింది. రెండూ ఒకేలా చప్పుడు చేశాయి.

మధ్యాహ్నానికి ఓట్లు అయిపోయాయి. కటింగ్ బల్ల మీదే తెల్లగుడ్డ పరిచి ఎడమ డబ్బా బోర్లించారు. నీలాలూ ఇటుకరంగులూ కలిసి కుప్పగా పడ్డాయి. అటు చూద్దాం, ఇటు మాస్టారు. చుట్టూ జనం. కాజాలక్క మాస్టారికి ఎదురుగా, చూద్దాం వెనకాల నిలబడింది.

మాస్టారు ఇటుకరంగు గుండీలు ఏరి పది పది వరసలు పేరుస్తున్నాడు. మొదటి పది అయ్యాయి. ఆయన మొహంలో మార్పు లేదు. రెండో వరసలో ఆరోదో ఏడోదో తీశాడు. వేళ్ళు ఆగాయి.

కాజాలక్క చూసింది. ఆ గుండీకి దారం ఉంది. బూడిదరంగు దారం. నిన్నంతా తను కోట్లకి వాడిన దారం. ఒక కన్నం నుంచి మూడు కన్నాలకి.

ఆవిడ చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్ళింది. సూది ఉంది. సూదికి దారం లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అని ఇన్నేళ్ళూ ఎందరినో వెక్కిరించింది. ఇప్పుడు నలభైమంది మధ్య తన భుజం తనే తడుముకుంటూ నిలబడింది. వరసలో నిలబడ్డంతసేపూ ఆ చేతులు పదకొండేళ్ళ అలవాటు చొప్పున తమ పని తాము చేసుకుపోయాయి. మాస్టారు నేర్పిన కుట్టు, మాస్టారు నేర్పినంత అందంగా.

మాస్టారు తల ఎత్తలేదు. ఎత్తితే ఎదురుగా ఉన్నది కాజాలక్కే. ఆయన బొటనవేలు ఆ కాకిపాదం మీద ఒకసారి పాకింది. తర్వాత గుండీ గుప్పిట్లోకి పోయింది. గోరు పెట్టి దారం తెంపాడు. కోటు గుండీ ఊడకూడదని ఆయనే నేర్పిన ముడి కాబట్టి ఒక పట్టాన తెగలేదు. రెండోసారి గట్టిగా లాగాల్సొచ్చింది. పక్కవాళ్ళు ఆయన దగ్గు ఆపుకుంటున్నాడనుకున్నారు. గుప్పిట తెరిచేసరికి గుండీ మిగతావాటిలాగే బోడిగా ఉంది. దాన్ని వరసలో పెట్టి, "పదిహేడు" అన్నాడు.

దారం ముక్క ఆయన జేబులోకి పోయింది.

చూద్దాంకి ఇరవై మూడు. మాస్టారికి పద్దెనిమిది. చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు. మాస్టారు లేచి చూద్దాం చెయ్యి పట్టుకుని, "మిషన్లకి నూనె మాత్రం వారంవారం వేయించు" అన్నాడు. "చూద్దాం" అన్నాడు కొత్త ప్రెసిడెంటు.

కాజాలక్క ఇంటికెళ్తూ లెక్కలేసుకుంది. తను వేసినా పంతొమ్మిదే అయ్యేవి, ఆయన ఎలాగూ ఓడిపోయేవాడు. ఇంటికి చేరేలోపు నాలుగుసార్లు వేసింది ఆ లెక్క. నాలుగుసార్లూ సరిగ్గానే వచ్చింది, ఒక్కసారీ ఊరట రాలేదు. తనలాగే "నా ఒక్కదానిదీ" అనుకున్నవాళ్ళు ఇంకెంతమందో. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళ గురించి చిన్నప్పుడు వింటుంటే, అలాంటివాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో అనుకునేది. ఎలా ఉంటాయో ఇప్పుడు తెలిసింది.

"గెలిచాడా?" అంది తల్లి.

"లేదమ్మా."

"అయ్యో. నువ్వు వేశావుగా, అదే చాలు" అంది ముసలావిడ. కాజాలక్క వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది.

నెల తిరక్కుండా కత్తిరించిన గుడ్డ కట్టలు రావడం మొదలెట్టాయి. చంకల దగ్గర అంగుళం తేడా వచ్చేది. ఆ తేడా మింగుతూ అందరూ కుట్టారు. బల్లని నాలుగు ముక్కలు చేసి బయటపెట్టారు. మాస్టారు కత్తెరని పాత ఫ్లానెల్ గుడ్డలో చుట్టుకుని, ఒక్కొక్క మిషన్ దగ్గర ఆగి చెప్పి వెళ్ళాడు. కాజాలక్క దగ్గర కూడా ఆగాడు. ఆవిడ తల వంచుకునే ఉంది.

"సూది భుజానికి గుచ్చుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానమ్మా. ఎప్పుడో లోపలికి దిగుతుంది" అన్నాడు. అంతే. పదకొండేళ్ళుగా అంటున్న మాటే, అదే గొంతుతో.

రెండు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున తల్లి పోయింది. నిజం చెప్పాలి కదా, పెద్దాయన మాట తప్పలేదు. ఎనిమిది గంటలకల్లా నలుగురు కాదు, పదిమంది వచ్చారు. చూద్దాం కూడా వచ్చి భుజం పట్టాడు. అంతా పద్ధతిగా, ఆలస్యం లేకుండా జరిగిపోయింది. కాజాలక్క దేనికి భయపడి ఏది అమ్ముకుందో, అది ఆవిడకి పూర్తిగా ముట్టింది.

మాస్టారు వీధి చివర, మూసి ఉన్న కొట్టు అరుగు పక్కన నిలబడ్డాడు. ముందుకి రాలేదు, రమ్మని ఎవరూ అనలేదు. అందరూ కదిలాక చివర్న, పది అడుగుల దూరంలో నడిచాడు. తల్లి ఒంటి మీద ఉన్నవి ఆయన ముడులు పైకి తిప్పి కుట్టిన బట్టలే. ఆ సంగతి ఆ గుంపులో ఇద్దరికే తెలుసు.

పదకొండో రోజు దాటాక, ఇక ఉండబట్టలేక కాజాలక్క మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మేడ మీద ఒక గది. కిటికీ కింద కుర్చీ, పక్కన పొట్టి చేసే ప్యాంట్లూ, జిప్పులు మార్చే సంచులూ. అంత పెద్ద కోట్లు కత్తిరించిన చెయ్యి ఇప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళ చిరుగులు కుడుతోంది. ఆవిణ్ణి చూడగానే లేచి కుర్చీ ఇచ్చి, తను మంచం అంచున కూర్చున్నాడు.

"అమ్మ బాధపడకుండా వెళ్ళిందా?"

"వెళ్ళింది మాస్టారూ. నిద్రలోనే." దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటి మిగిల్తే ఒట్టు. "మాస్టారూ, ఆ రోజు... లెక్కపెట్టేటప్పుడు... ఆ గుండీ నాదే."

మాస్టారు పక్కనున్న సంచి జిప్పు ఒకసారి లాగి చూశాడు.

"ఏ గుండీ అమ్మా?"

"దారం ఉన్న గుండీ. మీరు తెంపారు. నేను చూశాను."

"నాకు గుర్తులేదు. గుండీలన్నీ ఒకటేలే" అన్నాడు.

ముప్ఫై ఒక్కేళ్ళు ఆ హాల్లో కనబడిన ప్రతివాడికీ, ఏ రెండు గుండీలూ ఒకటి కావని చెప్పిన మనిషి. ఆవిణ్ణి కాపాడ్డానికి ఆ మాటని కూడా వదిలేసుకున్నాడు. తిడతాడని భయపడి వచ్చింది కాజాలక్క. తిట్టి ఉంటే బాగుండేది, తిన్నింటి వాసాలు లెక్కపెట్టావే అని నాలుగు అని ఉంటే, ఏడ్చి, కాళ్ళ మీద పడి, తేలికపడి ఇంటికెళ్ళేది. ఆయన ఆ దారి మూసేశాడు. కోపంతో కాదు, దయతోనే. క్షమించమని అడగడానికి చోటే లేకుండా పోయింది.

మాస్టారు లేచి ఒక చొక్కా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు, పైన ఒక గుండీ.

"ఇది ఊడింది. నా కళ్ళు ఆనడం లేదు. ఎలాగూ వచ్చావు, కుట్టి పెట్టు."

కాజాలక్క గుండీ అందుకుంది. భుజం దగ్గర సూది ఉంది, సూదికి దారం ఉంది. చేతులు మాత్రం కదల్లేదు. పదకొండేళ్ళలో మొదటిసారి, గుండీ గుప్పిట్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. కిటికీలో ఎండ గోడ మీంచి నేల మీదికి దిగింది. మాస్టారు తొందరపెట్టలేదు.

చివరికి ఆయనే మెల్లగా ఆవిడ వేళ్ళు విప్పి గుండీ తీసుకున్నాడు.

"పోనీలేమ్మా. రేపు నేనే కుట్టుకుంటాను" అన్నాడు.